పిందె గుర్తు కుర్తాలు, ఓ ఖాతా పుస్తకం

హాస్టల్లో మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచింది వార్డెన్ ఒక్కరే. మిగతా అందరికీ మేం ఊళ్లమే. బందరు, తెనాలి, ఏలూరు, నూజివీడు. 1996లో బెజవాడలో డిగ్రీలో చేరినప్పుడు నలుగురికీ ఒకే గది వచ్చింది. "ఏమే బందరూ, నా బకెట్ తీసుకెళ్లావా?" "తెనాలీ, చంక కింద పిగిలిందే, కాస్త కుట్టిపెట్టు." మూడేళ్లూ ఇలాగే నడిచింది. ఇప్పటికీ వాళ్ల పిల్లలు నన్ను నూజివీడు పిన్ని అనే పిలుస్తారు. అందుకని ఇక్కడ కూడా వాళ్ల అసలు పేర్లు రాయను, ఊళ్లతోనే చెప్తాను.

పెళ్లిళ్లయ్యాక అందరిలాగే మేమూ చెదిరిపోయాం. బందరు హైదరాబాద్ వెళ్లింది. తెనాలి తెనాల్లోనే ఉండిపోయింది. ఏలూరు బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని, నాలుగు ఊళ్లు తిరిగి చివరికి బెజవాడ చేరింది. నేను బెజవాడలోనే సత్యనారాయణపురం కోడల్ని. ఒకే ఊళ్లో ఉన్నా ఏలూరూ నేనూ కలిసేది ఏ పెళ్లిలోనో, ఏ గృహప్రవేశంలోనో. నలుగురం ఒకచోట కూర్చుని పదిహేనేళ్లయింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు రాకపోయి ఉంటే ఇంకో పదిహేనేళ్లు గడిచేవేమో.

పుష్కరాలొస్తే బెజవాడలో ప్రతి ఇల్లూ సత్రమే. మా ఇంట్లో ఆ పన్నెండు రోజులూ పొయ్యి ఆరలేదు. వంటింట్లో చాపలు, వరండాలో చాపలు, మేడ మీద చాపలు. పుష్కరాలు మొదలైన నాలుగో రోజున తెనాలి, బందరు ఒకే ఆటోలో దిగారు. ఏలూరు సెలవు పెట్టి వచ్చింది. తెల్లారకముందే నలుగురం స్నానానికి బయల్దేరాం. నేను వేసుకున్నది ముదురు పచ్చ మంగళగిరి కుర్తా. అది మా అత్తగారి చీర. రెండేళ్లు మంచాన ఉండి, ఆ ఏడాది మాఘమాసంలో ఆవిడ వెళ్లిపోయారు. ఆవిణ్ణి చూసుకోవడానికే నేను స్కూల్లో ఉద్యోగం మానేశాను. అంచు బాగుండి మధ్యలో చిరిగిన ఆ చీరని పారేయడానికి చేతులు రాక తెనాలికి పంపితే, చిరుగులన్నీ తప్పించి, నిజాం అంచు సరిగ్గా చేతుల చివరికి వచ్చేలా కుట్టి పంపించింది.

ఘాట్ మెట్ల మీద ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఆపి అంచు చూసింది. "ఎక్కడ కొన్నారండీ?" పైకెక్కాక ఇంకొకావిడ. ఆటో స్టాండ్ దగ్గర మరో అమ్మాయి. మూడోసారి కూడా అదే మాట వినేసరికి తెనాలి మొహం చూడాలి. ఇరవై ఏళ్లుగా జాకెట్టుకి ఇంత, ఫాల్‌కి ఇంత అని ఇంట్లో కూర్చుని కుడుతున్న మనిషి. తన పనిని బయటివాళ్లు ఆగి చూడటం తనకి అదే మొదటిసారి. ఏమీ అనలేదు. తడి కొంగుతో మొహం తుడుచుకున్నట్టు కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి మేడ మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. దూరంగా ఘాట్ల వైపు లైట్ల వెలుగు ఆకాశాన్ని తాకుతోంది. మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు చదువుతున్నారు. ఏలూరు పైకి చూస్తూనే అంది, "ముగ్గురు అడిగారంటే ముప్పైమంది కొంటారే." నేను నవ్వేశాను. అది నవ్వలేదు. లేచి కూర్చుని, ఫోన్‌లో లెక్క వేయడం మొదలెట్టింది. కుర్తాకి రెండున్నర మీటర్లు, మీటరు ఇంత, కుట్టుకూలి ఇంత, కాజాలు గుండీలు ఇంత. "మనిషికి పదివేలు. పోతే పోయాయనుకునే పదివేలు. అంతకంటే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు." బందరు వెంటనే "మా పిన్ని వాళ్లది పెడన. వీధివీధంతా అద్దకమే. గుడ్డ సంగతి నాకొదిలేయండి" అంది. తెనాలి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేను కుడతాను గానీ, ధర నేను చెప్పను. నాకు డబ్బులడగడం చేతకాదు" అంది. ఆ పని నాకొచ్చింది. పదకొండేళ్లు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడిన నోరు కదా. అలా పనులు పంచుకుని ఎప్పుడు నిద్రపోయామో తెలీదు.

సెప్టెంబరు మొదట్లో ఒక ఆదివారం బెజవాడలో బందరు రైలెక్కాం. గుడివాడ మీదుగా వెళ్లే ఆ రైలు ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగుతుంది. రెండువైపులా నాట్లు పడిన చేలు, మధ్యమధ్య చేపల చెరువులు. పెడన బందరుకి ఇవతల, పది కిలోమీటర్లే. స్టేషన్లో దిగి ఊళ్లోకి నడుస్తుంటే ముందు తెలిసేది వాసన. కరక్కాయ వగరు, తడి గుడ్డ, కట్టెల పొగ. మాలో ముగ్గురికి కలంకారీ అంటే శ్రీకాళహస్తిలో కలంతో గీసేదొక్కటే తెలుసు. బందరు దారంతా పాఠం చెప్పింది. కాళహస్తిది కలం పని, మాది అచ్చు పని, రెండూ కలంకారీయే, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తక్కువ చేయకూడదు అని.

వాళ్ల పిన్ని మమ్మల్ని ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లింది. ఆ రోజు నుంచి ఆయన మా నలుగురికీ బాబాయ్‌గారే. పొడవాటి బల్లలు, వాటి మీద మెత్తగా ఉండటానికి గోనెలు, గుడ్డలు పరిచి ఉన్నాయి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ లేత పసుపు రంగులో బల్లంతా పరుచుకుని ఉంది. పక్కన చక్రాల బండి మీద రంగు తట్ట. అద్దేవాళ్లు టేకు అచ్చుని రంగులో అలా తాకించి, గుడ్డ మీద మూలకి మూల కలిపి పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. టప్. అచ్చు లేస్తుంది, మళ్లీ రంగు, మళ్లీ టప్. కొలతబద్ద లేదు, గీత లేదు. ఒక పక్క మాతో కబుర్లు చెప్తూనే ఒకావిడ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లిపోయింది. తిరిగి చూస్తే తీగ ఎక్కడా తెగలేదు. దగ్గరికి వంగి చూస్తేనే అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఆ తేడా నాకెంత నచ్చిందో చెప్పలేను. అక్కడ ఒక చెయ్యి ఉందని చెప్పేది అదే.

నలుపు రంగు దేంతో అని అడిగితే బాబాయ్‌గారు మూలనున్న డ్రమ్ము మూత తీశారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు. ఆ వాసనకి ఏలూరు ముక్కు మూసుకుంది. ఎరుపు ఎక్కడ అని అడిగాను. ఆయన అప్పుడే అద్దిన ఒక గుడ్డ చూపించారు. అందులో ఎరుపు లేదు, నల్ల గీతల మధ్య మాసినట్టున్న మరకలు తప్ప. "అది పటిక జిగురమ్మా. ఎరుపు ఇప్పుడు కనపడదు. ఉడికితేనే వస్తది."

పెరట్లో పెద్ద రాగి గుండిగ కింద కట్టెలు మండుతున్నాయి. ఎర్రటి రంగునీళ్లలో గుడ్డని ఇద్దరు మనుషులు కర్రలతో తిప్పుతూనే ఉన్నారు. ఆపితే రంగు ఒకచోట చేరి మచ్చలు పడుతుందట. గంట పైన అక్కడే నిలబడిపోయాం. వాళ్లు కర్రతో ఒక అంచు పైకెత్తారు. పటిక తాకిన చోటల్లా పువ్వులు ఎర్రగా పూచి ఉన్నాయి. పటిక తాకని చోటంతా లేత రంగే. తెనాలి ఆ పొగలోకే వంగి చూస్తూ "ఇంత పని చేసిన గుడ్డని నేను కత్తిరించాలా?" అంది. గట్టిగా కూడా అనలేదు, తనలో తను అనుకున్నట్టు. ఆ తర్వాత ఎన్ని వందల మీటర్లు కోసిందో గానీ, కత్తెర పెట్టే ముందు ఒకసారి గుడ్డ మీద అరచెయ్యి ఆనించడం మాత్రం మానలేదు.

ధర దగ్గర నేను బేరం మొదలెట్టబోతే బందరు నా మోచెయ్యి గిల్లింది. బాబాయ్‌గారే చెప్పారు. మా వీధిలోనే స్క్రీన్ మీద కెమికల్ రంగు కొట్టినదైతే ఇందులో సగానికే వస్తుంది, చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది, కావాలంటే నేనే ఇప్పిస్తాను అని. కోపంగా చెప్పలేదు, మామూలుగానే చెప్పారు. మీటరు నూట నలభై చొప్పున తొంభై ఆరు మీటర్లు రాయించాం. సగం డబ్బు అక్కడే ఇచ్చాం, మిగతా సగం సరుకంతా అందాక. బయటికొచ్చాక బందరు నాతో అంది, "కరక్కాయకి ఒక రోజు, ఎండకి ఒక రోజు, కాలవలో ఉతుక్కి ఒక రోజు, ఉడకేయడానికి ఒక రోజు. ఎందులో తగ్గించమంటావే ఆయన్ని?" ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు తర్వాత పెడనలో నేనెప్పుడూ బేరమాడలేదు.

పేరు దగ్గర మాత్రం మాకు కుదరలేదు. బందరు చెప్పినది ఏలూరుకి నచ్చదు, ఏలూరు చెప్పినది పలకడానికి రాదు. అచ్చులు చెక్కే ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు చెక్కపొట్టు మధ్య అంగుళంన్నర ముక్క ఒకటి కనిపించింది. ఎవరో అంచు కోసం చెక్కించుకుని తీసుకెళ్లని మామిడిపిందె. లోపల మూడు చుక్కలు, తొడిమ దగ్గర చిన్న వంపు. నాది మామిడి తోటల ఊరు. నేను దాన్ని చేతిలోకి తీసుకోగానే ముగ్గురూ నా మొహం చూసి "సరే, అదే" అన్నారు. కోరా గుడ్డని సన్నటి పట్టీలుగా కోసి, దాని మీద నల్లగా పిందె ఒక్కటి అద్ది, మెడ లోపల కుట్టేవాళ్లం. అక్షరం ముక్క లేదు. తర్వాత కొన్నవాళ్లే దానికి పేరు పెట్టుకున్నారు, పిందె గుర్తు కుర్తాలు అని.

మంగళగిరి పని సులువుగానే అయింది. బెజవాడ నుంచి గంటలో వెళ్లి రావచ్చు. పానకాల స్వామికి బిందె పానకం పోయించి, కొండ దిగి, గుంట మగ్గాల వీధిలో నలభై నాలుగు మీటర్లు తెచ్చుకున్నాం. ఆవపువ్వు పసుపు, ముదురు ఊదా, ఇటుక రంగు. లైనింగ్, దారాలు, గుండీలు బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల మార్కెట్ వస్త్రలతలో.

ఇక తప్పు గురించి చెప్పాలి. అది పూర్తిగా నా తప్పు. దసరాకి ఇంటికొచ్చేవాళ్లకి చూపిద్దామన్న తొందరలో మొదటి ఎనిమిది కుర్తాలని గుడ్డ తడపకుండానే కుట్టమన్నాను. తెనాలి "ఒక్క రాత్రి నానబెడదామే" అంది. వద్దన్నాను. కుట్టినవి అద్భుతంగా వచ్చాయి. ఒకటి నేను వేసుకుని, సాయంత్రం ఉతికి ఆరేశాను. మర్నాడు వేసుకుంటే మోకాలి కింద ఉండాల్సింది మోకాలి పైకి వచ్చింది. భుజం పట్టేసింది. టేపు పెట్టి చూస్తే రెండంగుళాల పైనే కుదించుకుపోయింది. మగ్గం గుడ్డ మొదటి నీళ్లకి దగ్గరపడుతుందని కుట్టుపని తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తెనాలికీ తెలుసు. నేనే వినలేదు. ఫోన్ చేసి చెప్తే తను తిట్టలేదు. మొదటి రైలుకి వచ్చి, మిగిలిన ఏడు కుర్తాలనీ ఒళ్లో పెట్టుకుని బ్లేడుతో కుట్లు విప్పడం మొదలెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. రాత్రి పదకొండు దాకా విప్పుతూనే ఉన్నాం. విప్పిన గుడ్డని తడిపి ఆరబెట్టి, సైజు తగ్గించి, మళ్లీ కోసింది. ఎనిమిదిలో ఆరే దక్కాయి.

ఆ తర్వాత మా మేడ చూస్తే చాకిరేవే. ఉన్న బకెట్లు, టబ్బులు, అన్నిట్లో కాస్త ఉప్పు కలిపిన నీళ్లు, గుడ్డ. ఈ గోడ నుంచి ఆ గోడకి తీగలు. బెజవాడ ఎండ మిగతా రోజుల్లో మమ్మల్ని ఎంత ఏడిపించినా ఆ నెలలో మా కూలీ మనిషిలా పనిచేసింది. పొద్దున్నే ఆరేస్తే మధ్యాహ్నానికి ఎండి పెళపెళలాడేది. నీడపట్టున ఆరేయాల్సిన ఎరుపుల కోసం మా ఆయన పాత టార్పాలిన్ తెచ్చి పందిరిలా కట్టారు. అడక్కుండానే కట్టారు. ఈ వయసులో ఇదేం వ్యాపారమని మొదట అన్నది కూడా ఆయనే.

కార్తీకం వచ్చేసరికి మా మేడ మీద గదిలో రెండు మెషిన్లు. ఒకటి తెనాలిది, ఒకటి మా అత్తగారిది. వీధిలో ఇద్దరు అక్కలు హెమ్మింగ్‌కీ కాజాలకీ వచ్చేవాళ్లు. కాళ్ల కింద దారప్పోగులు, గది నిండా గంజివాసన. తెనాలి ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండేది. లోపల మార్జిన్ రెండు పక్కలా అంగుళం వదలాల్సిందే. అంత గుడ్డ దండగ కదే అంటే, "ఒళ్లు వస్తది, పోతది. కుర్తా ఉండాలిగా. రేపు విప్పుకుని వదులు చేసుకుంటారు" అనేది. రెడీమేడ్ వాటిలో ఆ అంగుళం ఎక్కడ చూస్తాం? మా దగ్గర కొన్నవాళ్లు ఏళ్ల తర్వాత కూడా మెచ్చుకునేది ఆ అంగుళాన్నే. మొత్తం యాభై నాలుగు కుర్తాలు సిద్ధమయ్యాయి. నవంబరు 13, ఆదివారం, మర్నాడే కార్తీక పౌర్ణమి. ఇంటి ముందు గదిలో పెట్టి అమ్ముదామని తెలిసినవాళ్లందరికీ చెప్పేశాం.

నవంబరు 8, మంగళవారం. రాత్రి ఎనిమిదింటికి నేను ధరల చీటీలు రాస్తున్నాను. ఏడువందల యాభై, ఎనిమిదివందల యాభై. హాల్లోంచి మా ఆయన పిలిచారు. టీవీలో ప్రధానమంత్రి. ఆ అర్ధరాత్రి నుంచి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవు. చీటీలు చేతిలోనే ఉన్నాయి. ఐదువందల నోటు లేకుండా ఎనిమిదివందల యాభై ఎవరిస్తారు? నా బీరువాలో కూడా ఉన్నవన్నీ అవే. ఏలూరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రి దేశంలో బ్యాంకులో పనిచేసేవాళ్లెవరూ ఫోన్ ఎత్తి ఉండరు.

మర్నాడు బ్యాంకులు మూత, ఏటీఎంలు రెండు రోజులు మూత. గురువారం తెరిచేసరికి వీధి మలుపు దాకా క్యూ. పెడన నుంచి తర్వాత రాయించిన ఇరవై మీటర్ల గుడ్డ, మేం ఇవ్వాల్సిన సగం డబ్బు మిగిలే ఉన్నాయి. నోరు రాక రాక బాబాయ్‌గారికి ఫోన్ చేశాను. "గుడ్డ బస్సుకి వేశానమ్మా, అందుతది. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. పాత నోట్లు మాత్రం పంపించమాక." వెనకాల ఎవరో వారం కూలి గురించి అడగడం ఫోన్‌లో వినిపించింది. ఆయన నాతో మెత్తగా మాట్లాడుతూనే ఉన్నారు. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. క్యూలో నిలబడ్డవాళ్లని అందరూ చూశారు. క్యూలో నిలబడితే ఆ రోజు కూలి పోయేవాళ్లు మాత్రం ఎవరికీ కనపడలేదు.

మానేద్దాం, సంక్రాంతికి చూద్దాం అనుకున్నాం. శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఏలూరు ఫోన్ చేసింది. గొంతు పోయి ఉంది. "శని ఆదివారాలు కూడా మాకు డ్యూటీ. నేను రాలేను. మీరు మాత్రం ఆపొద్దు." డబ్బులెలా అన్నాను. "తీసుకోకండి. పుస్తకంలో రాసుకోండి. పేరు, రంగు, ధర. సంతకం కూడా వద్దు. ఇచ్చేవాళ్లు ఇస్తారు." మూడు నెలలుగా సూదికి కూడా లెక్క రాయించిన మనిషి ఆ మాట అనేసరికి ఏం చెప్పాలో తెలీలేదు. "మొత్తం పోతేనో?" అన్నాను. "పోతే పోయాయనుకునే పదివేలేగా. పుష్కరాలప్పుడే చెప్పాను" అని పెట్టేసింది. ఎదురుగా మా పిల్లాడి పాత ఎక్కాల పుస్తకం కనిపిస్తే, రాసిన పేజీలు మడిచి, కొత్త పేజీ మీద తేదీ వేశాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే ముగ్గురం తయారుగా కూర్చున్నాం. కొబ్బరితాళ్లు కట్టి, కుర్తాలని హ్యాంగర్లకి వేలాడదీశాం. పదింటి దాకా ఎవరూ రాలేదు. అప్పుడు ఎదురింటి పిన్నిగారు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, ఎప్పుడూ చీర తప్ప కట్టరు. మనవరాలికని ఇటుక రంగుది తీశారు. కొంగుముడి విప్పి బల్ల మీద పోశారు. వంద నోట్లు నాలుగు, మిగతావి యాభైలు, ఇరవైలు, పదిరూపాయల బిళ్లలు. "పోపులడబ్బా డబ్బులమ్మా. చిల్లర కాబట్టి బతికాయి" అన్నారు. మా అమ్మకానికి మొదటి బోణీ అది.

పదకొండు దాటాక గది నిండిపోయింది. నేను పనిచేసిన స్కూలు టీచర్లు, తెనాలి దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు, బందరు చుట్టాలు, ఏలూరు పంపిన వాళ్ల అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు. అందరూ ఒకే మాటతో వచ్చారు, డబ్బుల్లేవు, చూసి వెళ్తాం అని. ఇష్టమైతే తీసుకెళ్లండి, వీలైనప్పుడు ఇవ్వండి అంటే నమ్మలేనట్టు చూశారు. ఒకాయన భార్యతో వచ్చి, ఐదు తీసుకుంటాం, పాత నోట్లు తీసుకోండి, వందో రెండొందలో ఎక్కువే వేసుకోండి అన్నారు. తెనాలి నా వైపు చూసింది. వద్దండీ, పుస్తకంలో రాసుకుంటాం అన్నాను. ఆయన వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చి రెండు రాయించుకుంది.

మధ్యాహ్నం నేను ఎరగని ఒకావిడ చాలాసేపు ఊదారంగు కుర్తా దగ్గరే నిలబడింది. పట్టుకుంటుంది, వదిలేస్తుంది. దగ్గరికెళ్తే మెల్లగా చెప్పింది. ఆరేళ్లుగా ఇంట్లోవాళ్లకి తెలీకుండా బియ్యం డబ్బాలో దాచిన పదకొండు వేలు, అన్నీ ఐదువందలే. ఇప్పుడు బయటపెట్టక తప్పలేదు. పెట్టాక ఇంట్లో పెద్ద గొడవ. "నా కోసం ఒక్కటైనా కొనుక్కోవాలని దాచానండీ. ఒక్కటీ కొనలేదు." నేను పుస్తకంలో ఆవిడ పేరు రాశాను. ధర దగ్గర పెన్ను ఆగింది. ఏమీ రాయకుండా వదిలేద్దామనిపించింది. ఆవిడే నా చెయ్యి చూసి, "రాయండి. నేనిస్తాను" అంది. ఏడువందల యాభై అని రాశాను.

సాయంత్రానికి నలభై ఒక్కటి వెళ్లిపోయాయి. ఆరు కుర్తాలకి చిల్లర వచ్చింది, అయిదు కుర్తాలకి చెక్కులోనో ఫోన్‌లోనో వచ్చింది. ముప్పై వరసలు పుస్తకంలో. పాతికవేల దాకా సరుకు, కాగితం మీద పేర్లే. భయం వేయలేదని అంటే అబద్ధం అవుతుంది. వచ్చిన చిల్లరంతా లెక్కపెట్టి, వంద నోట్లు విడిగా కట్టి బందరు చేతిలో పెట్టాం. అది హైదరాబాద్ వెళ్లకుండా మర్నాడు పొద్దున్నే పెడన వెళ్లి బాబాయ్‌గారికి ఇచ్చొచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకి ఏలూరు వచ్చింది. పొద్దున ఏడింటి నుంచి కౌంటర్లో ఉంది. వేళ్లన్నీ నోట్ల మురికితో నల్లబడిపోయాయి. సబ్బు పెట్టి కడిగినా పోలేదు. తెనాలి పళ్లెంలో పెరుగన్నం కలిపి, చిన్నపిల్లకి పెట్టినట్టు నోట్లో పెట్టింది. నలుగురం మేడెక్కాం. పౌర్ణమికి ఒక్కరోజు ముందు చంద్రుడు. ఆ ఏడాది చంద్రుడు మామూలుకంటే పెద్దగా కనిపిస్తాడని పేపర్లో రాశారు, నిజంగానే అంత పెద్దగా ఉన్నాడు. ఏలూరు పుస్తకం తెప్పించుకుని ఆ వెన్నెల్లోనే పేజీలు తిప్పింది. పేర్లు చదివింది. కూడికలు వేయలేదు. కింద మిగిలిన పదమూడింట్లోంచి పెడన ఎరుపుది ఒకటి తెచ్చి, భుజానికి ఆనించి చూసుకుంది. పెన్ను తీసుకుని ముప్పై ఒకటో వరసలో తనే ఏదో రాసి, పుస్తకం మూసేసింది.

డబ్బు మేం అడగలేదు. మర్నాడే ఇద్దరు వచ్చి ఇచ్చారు. తర్వాత వారానికి ముగ్గురు, నలుగురు. కొందరు రెండువేల నోటు తెచ్చి, మా దగ్గర చిల్లర లేదంటే, ఇంకొక కుర్తా తీసుకుని ముందుకి జమ వేయించుకున్నారు. ఒక టీచరు మూడు విడతల్లో ఇచ్చింది. ప్రతిసారీ ఎర్ర పెన్నుతో ఒక గీత. ఊదారంగు కుర్తా ఆవిడ సంక్రాంతికి రెండు రోజుల ముందు, ఆ కుర్తానే వేసుకుని వచ్చింది. కవర్లో ఏడువందల యాభై, ఒక అరటిపండు, పసుపు, కుంకుమ. పక్కల కొంచెం బిగువుగా ఉందంటే తెనాలి అక్కడికక్కడే విప్పి, ఆ అంగుళంలోంచి పావు అంగుళం వదిలి ఇచ్చింది. పండగ నాటికి ముప్పై వరసలూ ఎర్రగీతలే.

తర్వాత మూడేళ్లు బాగా నడిచింది. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. రోజూ పని ఉండేది, చేసేవాళ్లం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెడనలో బల్లలు ఖాళీ అయ్యాయి. మా దగ్గర మిగిలిన ముక్కలన్నీ తెనాలి మాస్కులు కుట్టింది. వచ్చిన ప్రతి రూపాయీ బాబాయ్‌గారి షెడ్డువాళ్లకి పంపాం. ఆ తర్వాత మునుపటిలా కలిసి కూర్చోవడం కుదరలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే కుడుతున్నాం, నెలకి పదో పన్నెండో. పిందె అచ్చు అంచు అరిగిపోయి, మూడు చుక్కల్లో ఒకటి సరిగ్గా పడటం లేదు. కొత్తది చెక్కించమని బందరు పోరుతోంది. నేనే వాయిదా వేస్తున్నాను.

మొన్న కార్తీక సోమవారం నాడు ఏలూరు మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఒంటి మీద ఆ ఎర్ర కుర్తాయే. భుజాల దగ్గర కాస్త వెలిసింది గానీ పువ్వులు అలాగే ఉన్నాయి. భోజనాలయ్యాక పుస్తకం తీసి దాని ముందు పెట్టాను. ముప్పై ఒకటో వరస మీద ఇప్పటికీ ఎర్రగీత లేదు. ఏలూరు, పెడన ఎరుపు, ఒకటి, 850. దాని పక్కన, ఎప్పుడు ఇస్తారో రాసే చోట, ఆ రాత్రి వెన్నెల్లో దాని చేత్తోనే రాసుకున్న మాట, 'వచ్చే పుష్కరాలకి'.

"2028 అన్నమాట" అన్నాను.

"నలుగురం ఘాట్ దగ్గర ఉండాలి. అక్కడే ఇస్తాను" అని, పుస్తకం నా చేతికిచ్చేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.